దోసెపెనం మీద వాతావరణం

అన్నూరులో ఆ ఆదివారం పడిన వానకు బాధ్యుడు వసంతేనని సోమవారం పొద్దుటికల్లా అందరూ ఒక మాట మీదికి వచ్చారు. మేఘానికి ఇందులో పెద్ద పాత్ర లేదని తేలింది.

వసంత్ వాళ్ళ వంశంలో పది ఇళ్ళు. ఏటా వైకాసి అనే తమిళ నెలలో ఒక ఆదివారం పది ఇళ్ళవాళ్ళూ కలిసి ఇంటిదేవర ఎల్లమ్మకు చేనులో పొంగలి పెడతారు. పది కొత్త కుండలు, పది పొయ్యిలు. కుండ మీద కప్పు ఉండకూడదు. అమ్మవారు పైనించి చూస్తుంది కాబట్టి పందిరిగానీ గుడ్డగానీ అడ్డం రాకూడదు. పొయ్యి అంటించాక కుండ కదపకూడదు. పాలు పొంగకముందే మంట ఆరిందా, అందరూ కుండలు దించుకుని ఇళ్ళకు పోయి, నెల దాటకుండా ఇంకో ఆదివారం చూసుకుని మొదటినించీ పెట్టుకోవాలి. అందుకే వాన వస్తుందా రాదా అన్నది ఈ పది ఇళ్ళకు కాలక్షేపం ప్రశ్న కాదు. దానికి జవాబు చెప్పే పని రెండేళ్ళుగా వసంత్‌ది.

వసంత్ పెద్దనాయన కోదండరామన్‌కు నూలు రంగులద్దే షెడ్డు ఉంది. వసంత్ అందులోనే పని చేస్తాడు. పొద్దున్నే ఫోనులో రాడార్ బొమ్మలు తిరగేసి, మబ్బు ఎటు కదులుతోందో గాలి ఎటు మళ్ళిందో చూసుకుని, షెడ్డు గేటు పక్కనున్న నల్లబోర్డు మీద ఆ రోజు వాతావరణం సుద్దతో రాసేవాడు. మాటలు తెలుగువి, అక్షరాలు తమిళవి. ఆ తమిళ ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎవరు రాసినా అట్లాగే రాస్తారు. బోర్డుకు ఎదురుగానే బస్సు స్టాపు. వేరుశనగ ఆరబెట్టేవాళ్ళు, వడియాలు పెట్టేవాళ్ళు, దుప్పట్లు ఉతికేవాళ్ళు దాన్ని చూశాకే రోజు మొదలుపెట్టేవారు.

నిజానికి పొంగలికి ముందురోజు వసంత్ "పదిలో మూడు పాళ్ళు రావచ్చు" అనే అన్నాడు. కోదండరామన్‌కు పాళ్ళ లెక్క నచ్చలేదు.

"కండిప్పా చెప్పరా," అన్నాడు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే ఖాయంగా ఒక్కటే జవాబు కావాలని. "మూడంటే సగంకన్న తక్కువ. అంటే రాదుగదా? ఆ మాటే నీ నోట చెప్పు."

వసంత్ ఆ మాట చెప్పాడు.

పడమటి నించి బయల్దేరిన మేఘం దారిలో ఎవరినీ పలకరించలేదు. నేరుగా చేను మీదికి వచ్చి నిలబడి, పది పొయ్యిలనూ ఒక్కొక్కటిగా వెతుక్కుని ఆర్పింది. రోడ్డుకు అటువైపు బస్సు స్టాపులో దుమ్ము కూడా తడవలేదు. సాంబారు గుండిగలో మట్టం జానెడు పెరిగితే వంటవాళ్ళు మళ్ళీ ఉప్పు వేసుకోవాల్సి వచ్చింది. ఎవరివో కొత్త చెప్పులు నీళ్ళలో తేలుతూ మనిషి లేకుండానే అవినాశి రోడ్డు పట్టాయి.

మరునాడు కోదండరామన్ షెడ్డుకు వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఈ ఊరి వాన గురించి ఇకమీదట ఒక్క అక్షరం రాయవద్దని వసంత్‌కు చెప్పాడు. గొంతు పెంచలేదు. పది ఇళ్ళ వాట్సాప్ గ్రూపులో కూడా అడ్మిన్ తప్ప ఎవరూ రాయకుండా చేశాడు. అడ్మిన్ ఆయనే. ఆనాటినించి గ్రూపులో రోజుకొక గులాబీ పువ్వు వచ్చేది, అంతకుమించి ఏ సమాచారమూ వచ్చేది కాదు.

వసంత్‌కు పని పోలేదు, జీతం తగ్గలేదు. పోయింది ఒక్కటే. పొద్దున్నే ఎవరో ఒకరు బోర్డు దగ్గర ఆగి, "ఏమి సామీ, ఈ రోజు ఎట్ల?" అని అడగడం. అది అంత పెద్ద వస్తువని అతనికి అంతకుముందు తెలియదు. ఇప్పుడు పది ఇళ్ళలో ఒకామె, రోజూ తప్పక అడిగే రామక్కాళ్ కూడా, వడియాల పిండి చేతిలో పట్టుకుని, అతని పక్కనే నిలబడి, అతన్ని అడగకుండా ఆకాశాన్ని అడుగుతోంది.

షెడ్డుకు మాత్రం కొత్త వాతావరణ శాఖ వచ్చింది. అది కోదండరామన్ కుడి మోకాలు. రంగు తొట్టిలోంచి తీసిన చిలపలను, అంటే నూలు కట్టలను, ఇద్దరు చెరో కొస పట్టుకుని పిండాలి. తర్వాత వెదుళ్ళకు వేలాడదీసి, ఎండ అన్ని పోగులకూ సమానంగా తగిలేట్టు గంటకొకసారి తిప్పాలి. ఒకవైపే ఎండితే రంగు చారలుగా తేలుతుంది. మోకాలు సలిపినప్పుడల్లా అన్నీ లోపలికి మోయాలి. ఆ వారం మండే ఎండలో నాలుగుసార్లు మోశారు. మోకాలు వయసులో పెద్దది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

కోదండరామన్ కూతురు అభిరామి పీలమేడు కాలేజీలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదువుతోంది. రోజూ బస్సులో పోయి వస్తుంది. ఒక సాయంత్రం వంటింటి గడప మీద కూర్చుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, వసంత్‌కు తన ప్రాజెక్టు గురించి చెబుతోంది. వేరే సూర్యుడి చుట్టూ తిరిగే రాతిగ్రహం అది. తన సూర్యుడికి ఎంత దగ్గరగా ఉందంటే దాని ఏడాది మన ఒక్కరోజులోపే అయిపోతుంది. రాళ్ళు కరిగి పారేంత వేడి. దాని మీద గాలి అనేది మిగిలిందా లేదా అన్నదే అభిరామి తేల్చాల్సింది. దాని పేరులో అక్షరాలకన్నా అంకెలే ఎక్కువ.

వాళ్ళ అవ్వ అంజలమ్మ పొయ్యి ముందు కూర్చుని దోసెలు పోస్తూ అంతా వింటోంది.

"ఒక దిక్కే దాని సూర్యుణ్ణి చూస్తా ఉంటాది అవ్వా," అంది అభిరామి. "ఇంకో దిక్కు ఎప్పుడూ రాత్రే."

అంజలమ్మ పెనం మీద దోసె అంచు ఎత్తి చూసింది. "తిరగెయ్యని దోసె," అంది.

"అదే అవ్వా. గాలి ఉంటే ఆ వేడిని మోసుకుపోయి చీకటి దిక్కుకు పంచుతాది. అప్పుడు ఎండ దిక్కు కొంచం చల్లబడతాది. గాలి లేకపోతే అంత వేడీ ఒకే చోట."

"మూత పెట్టితే పైన కూడా వేగుతాది. పెట్టకపోతే అడుగు మాడతాది. దీనికి కాలేజీకి పోవాలనా?"

"మూత కంటికి కనబడదుగదా. అది ఉండాదా లేదా అని ఇక్కడ కూర్చుని చెప్పాల."

అంజలమ్మ దోసె తీసి పళ్ళెంలో వేసి, అయితే కాలేజీకి పో అంది. గ్రహం దాని సూర్యుడి వెనక్కి పోయి దాక్కున్నప్పుడు మొత్తం వెలుగు ఎంత తగ్గిందో చూస్తారనీ, ఆ తగ్గినదే గ్రహం ఎండవైపు వేడి అనీ అభిరామి చెప్పింది. ఆకాశంలోకి పంపిన దుర్భిణి ఆ కొలతలు తీస్తుంది. అవి ఎవరైనా చూసుకోవచ్చు. అభిరామి చూసుకుంటోంది. వసంత్ మాత్రం రెండు దోసెలు తిని మూడోది ముట్టకుండా లేచాడు. అతనికి ఒక ఉపాయం తోచింది. ఈ ఊరి వాతావరణం రాయవద్దని పెద్దనాయన అన్నాడు. వేరే ఊరిది రాయవద్దని ఎవరూ అనలేదు.

మరునాడు పొద్దున బోర్డు మీద ఇట్లా ఉంది:

"దోసెపెనం గ్రహం. ఈ రోజు ఎండ. రేపు ఎండ. ఎల్లుండి కూడా ఎండే, అక్కడ పొద్దు కుంకదు. రాళ్ళు కరగవచ్చు. వడియాలు పెట్టేవారు అవి ఎండేదాకా తాము ఉండరని గమనించవలెను. చీకటివైపు వారికి స్వెటర్ చాలదు. గాలి: ఇంకా తెలియదు."

మొదటి బస్సు డ్రైవరు ఇంజను ఆపకుండా అంతా చదివి, నవ్వి, ఎక్కవలసినవాళ్ళను ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయాడు. రెండో బస్సు బోర్డు కోసమే ఆగింది. మూడో రోజుకు అన్నూరులో సొంత వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు. టీకొట్టు రెండుగా చీలింది. గాలి ఉందనేవాళ్ళు లోపలి బెంచీ మీద, లేదనేవాళ్ళు బయట. లోపలి బెంచీకి ఫ్యాను ఉండటంవల్ల గాలి పార్టీకి బలం పెరిగిందని ఒక అభిప్రాయం. రామక్కాళ్ రోజూ వచ్చి, "పావం కన్నూ, ఆ రాయికి గాలి వచ్చినాదా?" అని చంటిబిడ్డను పలకరించినట్టు అడిగేది. అడిగింది వేరే లోకం గురించే అయినా, ఆమె తన మొహం చూసి అడుగుతోంది కదా అని వసంత్ సంతోషపడేవాడు.

కోదండరామన్ రోజూ బోర్డు ముందునించే లోపలికి పోయేవాడు. తల తిప్పేవాడు కాదు. కాని ఆయన నడక అక్కడ కొంచెం మందగించేది.

ఆ వారం చివర అభిరామి లెక్క వేసి, ఎండవైపు అనుకున్నదానికన్నా చల్లగానే ఉందని, గాలి దట్టంగా ఉన్నట్టే ఉందని చెప్పింది. వసంత్ ఆగలేదు. "గాలి ఉంది" అని అక్షరాలు ఎంత పెద్దవిగా రాశాడంటే కింద వేరే వార్తకు చోటు మిగల్లేదు. లోపలి బెంచీవాళ్ళు టీకొట్టులో అందరికీ మిఠాయి పంచారు. రామక్కాళ్ కళ్ళు తుడుచుకుంది.

బుధవారం సాయంత్రం అభిరామి బస్సు దిగి, సంచీ భుజాన ఉండగానే చెప్పింది. ఇంకో విడత కొలతలు వచ్చాయి. అవి కలిపితే ఎండవైపు వేడి పెరిగింది. దట్టమైన గాలి ఉండటం కష్టం. సన్నగా ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు.

వసంత్ గేటు పట్టుకుని నిలబడిపోయాడు. ముందు భూమ్మీద తప్పాడు, ఈసారి ఆకాశంలోనూ తప్పాడు. ఇంకే లోకం మిగల్లేదు.

"మీ కాలేజీ మేడమ్ ఏమి చేసినారు నిన్ను?" అని అడిగాడు.

"ఏమి చేస్తారు? బాగుండాది, మార్చి రాయి అన్నారు."

"తిట్టలేదా?"

"ఎందుకు తిడతారు? నేను గాలి ఉండాదని కండిప్పా చెప్పలేదు అన్నా. నువ్వే అంత పెద్దగా రాసినావు."

వసంత్‌కు అర్థం కాలేదని చూసి ఆమె అతని చేతిలో సుద్ద లాక్కుని, గచ్చు మీద వంగి ఒక చుక్క పెట్టింది. చుక్క మీదినించి పైకి ఒక గీత, కిందికి ఒక గీత గీసింది. ఆ దారినే పోతున్న అంజలమ్మ ఆగి చూసి, ఇదేమి ముగ్గు, ఒక్క చుక్కే ఉంది అంది.

"మాకు తెలిసినది ఈ చుక్క," అంది అభిరామి. "పై గీత ఇంత ఎక్కువ ఉండొచ్చు అని. కింద గీత ఇంత తక్కువ ఉండొచ్చు అని. గీత లేకుండా ఒట్టి చుక్క తీసుకుపోతే, అప్పుడు తిడతారు మా మేడమ్. గీత ఎక్కడ అని."

వసంత్ ఆ చుక్క పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. అతను చెప్పిన మూడు పాళ్ళు గీత ఉన్న చుక్క. పెద్దనాయన అడిగింది ఒట్టి చుక్క. గీతలు తుడిచేసి ఇచ్చింది మాత్రం తనే.

మర్నాడు బోర్డు మీద "గాలి: నిన్నటికన్నా ఎక్కువ అనుమానం. ఉండవచ్చు, లేకపోవచ్చు. చూస్తూ ఉన్నారు" అని రాసి, పక్కన ఆ ముగ్గు వేశాడు. రెండు బెంచీలవాళ్ళూ వచ్చి నిలదీస్తారని చూశాడు. బయటి బెంచీవాళ్ళు గెలిచామని చెప్పుకోలేదు, లోపలివాళ్ళు ఓడామని ఒప్పుకోలేదు. అందరూ ఆ గీతలకింద తలదాచుకున్నారు. రామక్కాళ్ మాత్రం పై గీత కొస మీద వేలు పెట్టి, "ఇంతదాక ఆశ ఉండాదిగదా కన్నూ, చాలు," అని వెళ్ళిపోయింది.

శుక్రవారం మోకాలు హాయిగా ఉంది. కోదండరామన్ నీలిరంగు చిలపలన్నీ బయట వేలాడదీయించాడు. వసంత్ ఫోనులో మబ్బు చూసి, పెద్దనాయన వద్దన్నది గుర్తొచ్చి, ఫోను జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం వాన దంచింది. నీలిమందు కాలవ కట్టి గేటు దాటి, రోడ్డు దాటి, బస్సు స్టాపుదాకా పోయింది. అక్కడ పడుకునే తెల్లకుక్క తర్వాత చాలా రోజులు నీలంగానే తిరిగింది. దాన్ని చూసి మిగతా కుక్కలు లేచి నిలబడేవి.

కోదండరామన్ తడిసిన చిలపలను తనే వంగి ఏరాడు. మోకాలిని ఏమీ అనలేదు.

వైకాసిలో మిగిలింది ఒక్క ఆదివారం. శనివారం పొద్దున ఆయన గేటు దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, బోర్డు ముందు నిలబడ్డాడు. వసంత్ లోపల పిండుతున్న చిలప వదిలేసి వచ్చాడు. ఆయన అతని వైపు చూడలేదు.

"ఈ నీ గ్రహంలో," అన్నాడు బోర్డుతో, "రేపు ఆదివారమేనా?"

"ఆదివారమే పెద్దనాయనా."

"అక్కడ ఒక పెద్దాయన ఉండాడనుకో. రేపు పొద్దున చేనులో కుండలు పెట్టాల. వాన ఎట్ల?"

వసంత్ చెయ్యి తుడుచుకుని ఫోను తీశాడు. దాంట్లో కనబడిన ఆకాశం అన్నూరుదే అని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"పడమట మబ్బులు కట్టుకుంటా ఉండాయి. ఎంత పొద్దున పెడితే అంత మంచిది. అయినా పదిలో మూడు పాళ్ళు రావచ్చు."

"అక్కడి పెద్దాయన ముంగోపి, ముక్కు మీదే కోపం. కండిప్పా అడుగుతాడు."

"అక్కడ ఎవరూ కండిప్పా చెప్పరు పెద్దనాయనా. గాలి ఉండాదా అనేదానికే ఇంకా చెప్పలేదు."

"మూడంటే రాదనేగదా?"

వసంత్ నోట ఆ మాట సిద్ధంగా ఉంది. ఆయనకు కావలసిందీ అదే. అది అంటే ఈ క్షణమే గ్రూపు తెరుచుకుంటుంది, బోర్డు తిరిగి వస్తుంది, రేపు పొద్దున అందరూ అతన్నే అడుగుతారు. వాన రాకపోవడానికి ఏడు పాళ్ళు ఉంది కూడా. అతను రంగు అంటిన వేళ్ళను ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు.

"మూడంటే మూడే," అన్నాడు. "రాదని కాదు."

బస్సు వచ్చింది. బోర్డు చదివి వెళ్ళింది. కోదండరామన్ అప్పటికీ నిలబడే ఉన్నాడు.

"అక్కడి పెద్దాయనకు చెప్తాను," అని లోపలికి పోయాడు.

ఆ సాయంత్రం చేనులో మూడు పెద్ద రేకులు దిగాయి. పది కుండలు, పదిలో మూడు పాళ్ళు, కాబట్టి మూడు రేకులు. కోదండరామన్ లెక్క అది. అది అట్లా కాదని చెప్పబోయిన వసంత్‌ను అభిరామి చెయ్యి పట్టి ఆపింది. తమ కాలేజీలోనే అట్లా అనుకునేవాళ్ళు ఉన్నారని, నాన్న పాళ్ళ లెక్కలోకి వచ్చాడు, అది చాలని చెవిలో చెప్పింది.

కుండ మీద కప్పు ఉండకూడదుకదా అని ఇంకెవరో లేవదీశారు. తీర్పు అంజలమ్మదే. రేకును కర్రల మీద పెడితే అది కప్పు అని, మనుషులు చేత్తో పట్టుకుంటే అది మనుషులని ఆమె తేల్చింది. ఎల్లమ్మకు ఆ తేడా తెలుసుననీ, మధ్యలో ఎవరూ చెప్పనక్కర్లేదనీ అంది. ఎంత పొద్దున పెడితే అంత మంచిదన్న మాట విని, ఎప్పుడూ పది గంటలకు అంటించే పొయ్యిలను ఎనిమిదికే అంటించమని చెప్పింది.

ఆదివారం పొయ్యిలు అంటుకున్న కాసేపటికే పడమట నల్లగా లేచింది. చేనులో మాటలు ఆగిపోయాయి. పది ఇళ్ళవాళ్ళూ ఒకసారి మబ్బును, ఒకసారి వసంత్‌ను చూశారు. నాలుగు చినుకులు పొయ్యిరాళ్ళ మీద పడి చుయ్యిమన్నాయి. "ఎత్తండి," అన్నాడు కోదండరామన్. మగవాళ్ళు పరుగెత్తి మూడు రేకులూ గాలిలోకి లేపారు. ఏ మూడు కుండల మీద అన్నది ముందు అనుకోలేదు కాబట్టి, రేకులు కాసేపు మేఘంకన్నా ఎక్కువ తిరిగాయి. చివరికి మూడు పొయ్యిల మీద నిలిచాయి. ఒక రేకు మూలను కోదండరామన్ స్వయంగా పట్టుకున్నాడు. ఇంకో మూల వసంత్.

తర్వాత చినుకు పడలేదు. ఎండ కాసింది. రేకులు కాలడం మొదలుపెట్టాయి. పట్టుకున్నవాళ్ళు చేతులు మార్చుకుంటూ ఆకాశాన్ని, పాలను మార్చి మార్చి చూశారు. అయ్యసామి అనే దూరపు బావ, మూడో మూల మోస్తున్నవాడు, దించేద్దామన్నాడు.

"పట్టుకో అయ్యసామీ," అన్నాడు కోదండరామన్. చెమట కళ్ళద్దాల మీదికి కారుతోంది. కుడికాలు వణుకుతోంది. "వాడు మూడన్నాడు. పాలు పొంగేదాక మూడు మూడే."

మొదట రామక్కాళ్ కుండ పొంగింది. తర్వాత ఒకదాని వెనక ఒకటి అన్నీ పొంగాయి. ఆడవాళ్ళు కేకలు వేశారు. అంజలమ్మ తన కుండ ముందు చేతులు జోడించి, ఇంటివాళ్ళ పేర్లన్నీ వరసగా చెప్పి, చివర, "ఆ దోసెపెనానికి కూడా కొంచం గాలి ఇయ్యమ్మా," అంది.

భోజనాల దగ్గర అయ్యసామి భుజం పిసుక్కుంటూ, వాన యేదని, ఆ పిల్లోడు మళ్ళీ తప్పినాడని నలుగురూ వినేట్టు అన్నాడు. వసంత్ మజ్జిగ బిందె పట్టుకుని పంక్తి మధ్యలో ఉన్నాడు. అడుగు ఆగిపోయింది.

"తప్పలేదు," అన్నాడు కోదండరామన్, ఆకులోంచి తల ఎత్తకుండా. "పదిలో మిగిలిన ఏడు వచ్చినాది. నీ ఆకులో చూసుకుని తిను."

వసంత్ ముందుకు కదిలి ఆయన ఆకులో మజ్జిగ పోశాడు. ఆయన ఇంకా పాయసం తింటున్నాడు. ఇద్దరూ అది గమనించలేదు.

సోమవారం పొద్దున వసంత్ బోర్డు తుడుస్తుంటే వెనక చెప్పుల చప్పుడు ఆగింది. రామక్కాళ్ అనుకున్నాడు.

"ఏమి సామీ," అన్నాడు కోదండరామన్, "ఈ రోజు ఎట్ల?"

వసంత్ వెంటనే తిరగలేదు. ఫోను తీసి రాడార్ చూశాడు, గాలి చూశాడు, మళ్ళీ రాడార్ చూశాడు. తర్వాత రాశాడు: "అన్నూరు. వాన: పదిలో రెండు పాళ్ళు. దోసెపెనం: ఎండ. గాలి: చూస్తూ ఉన్నారు."

కోదండరామన్ అంతా చదివాడు. చెయ్యి చాచి సుద్ద తీసుకున్నాడు. వంగడం కష్టమై, బోర్డును ఒక చేత్తో పట్టుకుని, కింద మిగిలిన చోట నెమ్మదిగా రాశాడు: "మోకాలు: పదిలో నాలుగు."

కాస్త వెనక్కి జరిగి చూసుకుని, మళ్ళీ దగ్గరికి వచ్చి, నాలుగు మీద ఒక గీత, నాలుగు కింద ఒక గీత పెట్టాడు.